పాదం అంటే ఫుట్ కాదు: ఇంగ్లీషు పోయెట్రీ టర్మ్స్‌తో మన తంటాలు

మా అక్క కూతురు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఇంగ్లీష్ లిటరేచర్ ఒక సబ్జెక్టు, ఇంటర్ దాకా మాత్రం నల్గొండ దగ్గర తెలుగు మీడియం. మొన్న మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చి కూలర్ ముందు కూలబడి, రెండు గ్లాసుల మజ్జిగ తాగి, బ్యాగులోంచి ఒక గైడు తీసి నా ముందు పడేసింది. "మామా, ఈయనెవరో లవర్‌ని ఎండాకాలంతోటి పోలుస్త అంటుండు, ఇది పొగుడుడా తిట్టుడా, ముందు అది చెప్పు" అంది.

నాకు నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది. బయట 42 డిగ్రీలు, రోడ్డు మీద కుక్క కూడా కారు కింద దూరి పడుకున్న టైము, అప్పుడు ఎవరైనా నిన్ను చూస్తే ఎండాకాలం గుర్తొస్తోంది అంటే మనం ఏమనుకుంటాం. అది షేక్‌స్పియర్ 18వ సానెట్ (సానెట్ అంటే 14 లైన్ల కవిత), 1609లో అచ్చయిన పుస్తకంలోది, 'షల్ ఐ కంపేర్ దీ టు ఎ సమ్మర్స్ డే' అని మొదలవుతుంది. గైడులో 'ప్రియురాలిని' అని రాసి ఉంది గానీ మొదటి 126 సానెట్లు ఒక యువకుణ్ణి ఉద్దేశించి రాసినవని చాలామంది పండితుల మాట, సరే అది వేరే కథ.

విషయం ఏంటంటే ఆ పిల్ల ఒళ్లు దాచుకోలేదు, ప్రతి మాటా డిక్షనరీలో చూసింది. సమ్మర్ అంటే ఎండాకాలం, కరెక్టే. కానీ ఆ దేశంలో సమ్మర్ అంటే ఆర్నెల్లు చలికి ముడుచుకుపోయిన జనం ఎప్పుడొస్తుందా అని కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసే రోజులు. మన లెక్కలో దానికి సాటి వచ్చేది తొలకరో కార్తీక మాసపు వెన్నెలో గానీ ఏప్రిల్, మే కాదు. మూడో లైన్లో 'డార్లింగ్ బడ్స్ ఆఫ్ మే' అని వస్తుంది, మే నెల మొగ్గలు అని, మనకేమో మే నెలాఖరంటే రోహిణి కార్తె, రోళ్లు పగిలే రోజులు. ఇంకా ముందుకెళ్తే 'ఎటర్నల్ సమ్మర్', ఎప్పటికీ తరగని ఎండాకాలం అని దీవెనలాగా అంటాడు, ఆ మాట దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ పై ఫ్లోర్‌లో రేకుల కప్పు కింద ఉండే పిల్లకి చెబితే శాపం అనుకుంటుంది.

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే, పోయెట్రీలో మనల్ని పడగొట్టేది తెలియని మాటలు కాదు, తెలిసిన మాటలు. తెలియని మాట దగ్గర ఎలాగూ ఆగుతాం, ఫోన్ తీసి చూస్తాం. తెలిసిన మాట దగ్గర ఆగం, దర్జాగా దాటేస్తాం, అక్కడే గోతిలో పడతాం. ఇదే సానెట్‌లో చూడండి, 'సమ్మర్స్ లీజ్ హ్యాత్ ఆల్ టూ షార్ట్ ఎ డేట్' అని ఒక లైను. లీజు మనకి తెలుసు, హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకి తీసుకున్న ప్రతివాడికీ తెలుసు, 11 నెలల అగ్రిమెంటు. డేట్ అంటే తారీఖు అనుకుంటాం, కానీ ఇక్కడ గడువు. అంటే ఎండాకాలం ఇల్లు అద్దెకు తీసుకున్న మనిషి లాంటిది, గడువు తీరగానే ఖాళీ చేయాల్సిందే, ఓనర్ కాదు. ఇంత లాయర్ భాష ప్రేమ కవితలో ఎందుకుందా అని ఒక్క నిమిషం ఆగినవాడికే ఆ లైను రుచి తెలుస్తుంది. తర్వాత 'ఫెయిర్' అని ఒకే లైన్లో రెండుసార్లు వస్తుంది. మనకి ఫెయిర్ అంటే ఫెయిర్ కాపీ, ఫెయిర్ ప్రైస్ షాపు, తెల్లటి ఒళ్లు, లేదంటే బుక్ ఫెయిర్. అక్కడ మాత్రం ఫెయిర్ అంటే అందం, అందమైనది ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు ఆ అందం నుంచి జారిపోతుంది అని. 'టెంపరేట్' అన్న మాట మా మేనకోడలు జాగ్రఫీలో చదివింది, సమశీతోష్ణ మండలం. అది ఇక్కడ కూడా పనికొస్తుంది, ఎందుకంటే ఆ మాటకి వాతావరణం అనే అర్థంతో పాటు నిగ్రహం గల మనిషి అనే అర్థం కూడా ఉంది, రెండూ ఒకేసారి పలికించాడు. మన తెలుగు మేష్టారు వింటే శ్లేష అని ఎగిరి గంతేసేవాడు.

ఇక దౌ, దీ, దై సంగతి. మా కోడలి నోట్సులో 'దౌ అంటే తమరు, దీ అంటే తమరిని' అని రాసుంది. ఎందుకలా రాశావే అంటే "పాత మాట గద మామా, దేవునితోటి గూడ గట్లనే మాట్లాడ్తరు, రెస్పెక్ట్ అనుకున్న" అంది. సరిగ్గా తలకిందులు. దౌ అంటే నువ్వు, దీ అంటే నిన్ను, దై అంటే నీ. మర్యాదకి వాడిన మాట యూ, అది మన మీరు లాంటిది, మొదట బహువచనం, తర్వాత ఒక్క మనిషికి కూడా గౌరవంగా వాడటం మొదలైంది. రాను రాను ఇంగ్లీషువాళ్లు అందరినీ మీరు మీరు అనేసి నువ్వుని పోగొట్టుకున్నారు. మరి దేవుణ్ణి దౌ అంటారు కదా అంటే, మనం మాత్రం ఏమంటాం, 'నీవే దిక్కు' అంటాం గానీ 'రామా మీరే దిక్కు' అని ఎవరైనా అంటారా. చనువున్న చోటే నువ్వు. ఇది తెలుగువాడికి ఒక్క క్షణంలో ఎక్కే విషయం, తు, తుమ్, ఆప్ మూడూ వినపడే హైదరాబాద్‌లో అయితే ఇంకా తేలిక, కానీ గైడులో ఎవడూ ఇలా చెప్పడు, 'ఆర్కాయిక్ వర్డ్' అని రాసి వదిలేస్తాడు. అలాగే 'వేర్‌ఫోర్' అంటే ఎక్కడ అనుకుంటారు, అది ఎందుకు. రోమియోని తలుచుకుని జూలియెట్ అడిగేది నువ్వు ఎక్కడున్నావ్ అని కాదు, నువ్వు ఎందుకు రోమియోవి అయ్యావ్ అని, అంటే శత్రువుల ఇంటి పేరు నీకే ఎందుకొచ్చింది అని. ఈ ఒక్క మాట తప్పు చదివితే సీనంతా దొంగాట అయిపోతుంది.

ఇప్పుడు అసలు విలన్ దగ్గరికొద్దాం. ఆ గైడు చివర్లో రెండు కాలమ్‌ల టేబుల్ ఒకటి ఉంది. ఎడమ పక్క ఇంగ్లీషు టర్మ్, కుడి పక్క తెలుగు. సిమిలీ ఉపమ, మెటఫర్ రూపకం, హైపర్బొలీ అతిశయోక్తి, ఫుట్ పాదం, రైమ్ ప్రాస, సిజురా యతి, మీటర్ ఛందస్సు. చూడ్డానికి చాలా బావుంటుంది, పిల్లలు రాత్రికి రాత్రి బట్టీ కొడతారు. సగం కరెక్టు, సగం కొంప ముంచేది, ఏ సగం ఏదో టేబుల్ చెప్పదు. నేను డిగ్రీ చదివేటప్పుడు కూడా ఇలాంటి టేబులే ఉండేది, దాని వల్ల నేను తిన్న దెబ్బ తర్వాత చెప్తా.

ముందు బాగా కుదిరిన జోడీ, ఉపమ. ఎనిమిదో తొమ్మిదో క్లాసులో 'ఆమె ముఖం చంద్రబింబం వలె అందంగా ఉంది' అని అందరం నేర్చుకున్నాం. ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, వలె ఉపమావాచకం, అందం సమానధర్మం. ఇంగ్లీషు విమర్శలో ఈ ముక్కలకి పేర్లు పెట్టింది ఐ.ఏ. రిచర్డ్స్, 1936లో, టెనర్ అంటే ఉపమేయం, వెహికిల్ అంటే ఉపమానం. ఆయన మెటఫర్ కోసం పెట్టాడు గానీ సిమిలీకీ పనికొస్తాయి. మన ఆలంకారికులు వాటికి ఎన్నో వందల ఏళ్ల ముందే పేర్లు పెట్టేసుకున్నారు. మనవాళ్లు అన్నీ ముందే కనిపెట్టారోచ్ అని ఫార్వర్డ్ మెసేజ్ చేయడానికి చెప్పట్లేదు ఇది, టెనర్ వెహికిల్ అనే మాటలు చూసి భయపడే పిల్లకి ఇది నీకు ఎనిమిదో క్లాసులోనే వచ్చు అని చెప్పడానికి. నేను చెప్పాక మా కోడలు టెనర్ అనే మాటని ఇంక మర్చిపోలేదు.

రూపకం దగ్గర మాత్రం జారుతుంది. మనకి రూపకం కావాలంటే ఉపమేయం, ఉపమానం రెండూ కనపడాలి, రెంటికీ తేడా లేదన్నట్టు చెప్పాలి, 'సంసార సాగరం' లాగా. సంసారమూ ఉంది, సాగరమూ ఉంది. కానీ ఆ సానెట్‌లో 'ఐ ఆఫ్ హెవెన్' అని వస్తుంది, ఆకాశపు కన్ను మరీ వేడిగా మెరుస్తుంది ఒక్కోసారి అని. సూర్యుడు అనే మాట ఎక్కడా లేదు. ఇంగ్లీషులో అది నిక్షేపంలాంటి మెటఫర్. మన అలంకార శాస్త్రం ప్రకారం ఉపమేయాన్ని మింగేసి ఉపమానాన్నే చెబితే అది రూపకం కాదు, రూపకాతిశయోక్తి, అంటే అతిశయోక్తిలో ఒక రకం. ఇప్పుడు టేబుల్ సంగతి చూడండి, అతిశయోక్తి ఎదురుగా హైపర్బొలీ అని ఉంది. తెలుగు బాగా చదువుకున్న పిల్ల 'ఐ ఆఫ్ హెవెన్'ని అతిశయోక్తి అని సరిగ్గానే గుర్తుపట్టి, టేబుల్ చూసి హైపర్బొలీ అని రాస్తే మార్కులు గోవిందా. తెలుగు రాని పిల్లకి ఈ బాధ లేదు, అదీ వింత. మెటఫర్ అనేది పెద్ద సంచి, మన రూపకం, రూపకాతిశయోక్తి, కొన్నిసార్లు సమాసోక్తి (ఒకటి చెబుతుంటే ఇంకొకటి తోచడం) కూడా దాంట్లోనే పడతాయి, క్రియలో దాక్కున్న పోలిక కూడా మెటఫరే. గ్రీకులో ఆ మాటకి అసలు అర్థం ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకుపోవడం, అంత వెడల్పు మాట అది. అన్నట్టు హైపర్బొలీని హైపర్‌బోల్ అని చదవకండి, వైవాలో నవ్వుతారు, నేను చదివాను.

ధ్వని గురించి కూడా ఒక మాట. ఒక గైడులో సౌండ్ ఎఫెక్ట్స్ అనే హెడ్డింగ్ కింద 'ధ్వని' అని చూశాను. గలగల, జలజల, చిటపట లాంటి వాటికి ధ్వన్యనుకరణ అంటే సరే, అదే ఆనొమెటొపీయా, ఆ విషయంలో మన భాషకి ఏ కొదవా లేదు. కానీ ఉత్త ధ్వని అంటే మన కావ్యశాస్త్రంలో చప్పుడు కాదు, పైకి చెప్పకుండా లోపల స్ఫురించే అర్థం. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ఆ సిద్ధాంతం మీద పుస్తకమే రాశాడు. ఐరనీ ఎదురుగా నిందాస్తుతి అని రాయడం కూడా ఇలాంటిదే, తిడుతున్నట్టు పొగడటం ఐరనీలో ఒక చిన్న మూల మాత్రమే. పన్ అంటే శ్లేష, సింబల్ అంటే ప్రతీక, ఇమేజ్ అంటే పదచిత్రం, వీటితో పెద్ద పేచీ లేదు.

పేచీ అంతా పద్యం నడక దగ్గర. పాదం అంటే కాలు, ఫుట్ అంటే కాలు, కాబట్టి ఫుట్ అంటే పాదం అని టేబుల్ రాసినవాడు ధీమాగా రాసేశాడు. తెలుగులో పద్య పాదం అంటే ఒక పూర్తి లైను, ఉత్పలమాలకి నాలుగు పాదాలు అంటే నాలుగు లైన్లు. ఇంగ్లీషులో ఫుట్ అంటే లైనులో ఒక చిన్న ముక్క, రెండు మూడు సిలబుల్స్, అంటే మన గణం. పెంటామీటర్ అంటే లైనుకి ఐదు ఫుట్‌లు. మా కోడలు దాన్ని 'ఐదు పాదాల పద్యం' అని రాసింది, ఆ పిల్ల తప్పు కాదు.

ప్రాస కూడా అంతే. మనకి ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే హల్లు కావడం, లైను మొదట్లో ఉంటుంది. ఇంగ్లీషు రైమ్ లైను చివర్లో ఉంటుంది, అది మన అంత్యప్రాస, సినిమా పాటల్లో వినేది. పైగా రైమ్ చెవికి సంబంధించింది. మన లిపిలో రాసింది రాసినట్టు చదువుతాం కాబట్టి కంటితో చూసి ప్రాస పట్టేస్తాం, ఇంగ్లీషులో అలా కుదరదు, 'లవ్', 'మూవ్' స్పెల్లింగ్ చూస్తే కవలల్లా ఉంటాయి, పలికితే చుట్టాలు కూడా కారు, దాన్నే ఐ రైమ్, అంటే కంటికి మాత్రమే కుదిరే రైమ్ అంటారు. అలిటరేషన్ కూడా ఇంతే, 'నైఫ్' స్పెల్లింగ్ కే తో మొదలైనా 'నైట్'తో జత కడుతుంది. పోతన 'అడిగెదనని కడువడి జను' అని డకారంతో ఆడుకున్నట్టు ఇంగ్లీషు కవులూ ఆడుకుంటారు, కానీ మనం దాన్ని కళ్లు మూసుకుని పట్టుకోవాలి. ఒక తమాషా ఏంటంటే ఆ సానెట్‌లో టెంపరేట్ అనే మాటకి డేట్‌తో రైమ్ కుదరాలి, ఇప్పటి బ్రిటిష్‌వాళ్లు టెంప్రట్ అని మింగేస్తారు కాబట్టి వాళ్ల నోట్లో అది కుదరదు, మనం టెంపరేట్ అని సాగదీసి పలుకుతాం కాబట్టి మనకి చక్కగా కుదురుతుంది. ఎక్కడో ఒక చోట మనమే గెలిచాం.

యతి సంగతి ఇంకా చిక్కు. సంస్కృతంలో యతి అంటే లైను మధ్యలో ఆగే చోటు, ఇంగ్లీషు సిజురా కూడా అదే, లైను మధ్యలో విరుపు. తెలుగులో మాత్రం యతి అంటే ఆగడం కాదు, లైను మొదటి అక్షరానికీ యతి స్థానంలోని అక్షరానికీ మైత్రి కుదరడం. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండోది. అక్కడ మాట మధ్యలో ఉన్నా సరే, ఆగక్కర్లేదు, అక్షరం కుదిరితే చాలు. కాబట్టి సిజురా అంటే సంస్కృతం వాళ్ల యతి, మన యతి కాదు. అలాగే ఎన్జాంబ్‌మెంట్, ఒక లైను చివర వాక్యం ఆగకుండా కింది లైనులోకి దూకడం. ఇంగ్లీషు టీచర్లు దీన్ని పెద్ద విశేషంగా చెబుతారు, కవి ఇక్కడ ఎందుకు ఆపలేదో రాయండి అని ఐదు మార్కుల ప్రశ్న ఇస్తారు. మన వృత్త పద్యాల్లో సమాసం ఒక పాదంలో మొదలై మాట మధ్యలోనే విరిగి కింది పాదంలో పడటం రోజూ జరిగే పని, ఎవడూ దాన్ని విశేషంగా చూడడు. మనకి మామూలు అనిపించేది వాళ్లకి విశేషం, దాన్ని విశేషంగా చూడటం నేర్చుకోవాలి, అంతే.

ఇప్పుడు నా దెబ్బ కథ. డిగ్రీలో ఒక పరీక్షలో నాలుగు లైన్లిచ్చి స్కాన్షన్, అంటే లైన్లని ఫుట్‌లుగా విడదీసి గుర్తులు పెట్టడం, చేయమన్నారు. నాకు తెలుగులో గణ విభజన అంటే ప్రాణం, గురువుకి యూ ఆకారం, లఘువుకి నిలువు గీత, పద్యం చూస్తే పైన టకటకా గీసేసేవాణ్ణి. ఇంగ్లీషు పుస్తకంలో కూడా అక్షరాల పైన గిన్నెలూ గీతలూ కనపడ్డాయి, ఓస్ ఇదేగా అనుకున్నా. ఇంగ్లీషులో చిన్న గిన్నె గుర్తు అంటే బరువు లేని సిలబుల్, గీత అంటే బరువున్నది. సరిగ్గా మనకి తలకిందులు. నేను నాలుగు లైన్లూ గిన్నె గురువు, గీత లఘువు అన్న లెక్కలో గీసి, ఐయాంబ్‌ని (తేలిక, బరువు) ట్రోకీ (బరువు, తేలిక) అని రాసి, ప్రశ్న మొత్తం పోగొట్టుకున్నాను. ఏది ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చే పిల్లలకి మొదటి క్లాసులోనే బోర్డు మీద పెద్దగా రాయాల్సిన విషయం ఇది.

గుర్తులు మార్చుకుంటే సరిపోతుందా అంటే అదీ కాదు, లోపలి లెక్కే వేరు. మనకి గురువు లఘువు అంటే పలికే కాలం. దీర్ఘం గురువు, సున్నా ఉంటే గురువు, పక్కన సంయుక్తాక్షరం ఉంటే గురువు, పొల్లు కలిస్తే గురువు. రూల్ వస్తే చాలు, అర్థం తెలియకపోయినా గీయొచ్చు. ఇంగ్లీషులో కాలం కాదు, ఊనిక, స్ట్రెస్. ఆ సానెట్ మొదటి లైనునే తీసుకోండి. మన రూల్‌తో గీస్తే షల్ గురువు, ఐ గురువు, కం గురువు, పేర్ గురువు, దీ గురువు, టు లఘువు, ఎ లఘువు, సమ్ గురువు, మర్స్ గురువు, డే గురువు. ఎక్కడ చూసినా గురువులే, లయ ఏమీ లేదు. వాళ్ల చెవితో వింటే కంపేర్‌లో పేర్ మీదే ఊనిక, కం తేలిపోతుంది, సమ్మర్స్‌లో సమ్ మీద ఊనిక, మర్స్ తేలిపోతుంది. అప్పుడు లైనంతా తేలిక బరువు, తేలిక బరువు అని ఐదుసార్లు నడుస్తుంది, మన భాషలో చెప్పాలంటే ఐదు వగణాలు (లఘువు గురువు). అదే ఐయాంబిక్ పెంటామీటర్. టు మీద పడే బరువు పేరుకి మాత్రమే, లాగించేస్తారు.

ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే బుర్రలో నిలుస్తుంది. ఐయాంబ్, ట్రోకీ, డాక్టిల్ ఇవన్నీ గ్రీకు పేర్లు. గ్రీకు, లాటిన్ పద్యాలు మనలాగే దీర్ఘ హ్రస్వాల లెక్క మీద నడిచాయి. గ్రీకులో డాక్టిల్ అంటే వేలు, వేలికి ఒక పొడుగు కణుపు, రెండు పొట్టివి, అంటే గురువు లఘువు లఘువు, అచ్చంగా మన భగణం. అనపెస్ట్ మన సగణం (లఘువు లఘువు గురువు). ట్రోకీ హగణం (గురువు లఘువు). గణాలు గుర్తుపెట్టుకునే యమాతారాజభానసలగం సూత్రం వచ్చినవాడికి గ్రీకు ఫుట్‌లు కొత్త కాదు. ఇంగ్లీషువాళ్లు ఆ పేర్లు అరువు తెచ్చుకుని, దీర్ఘం ఉన్నచోట ఊనిక పెట్టేసుకున్నారు. పేర్లు పాతవి, లోపలి సరుకు కొత్తది. కాబట్టి మన గణాలతో పోలిక బొమ్మ వరకే కుదురుతుంది, కొలిచే త్రాసు వేరు.

ఊనిక మనకి ఎందుకు వినపడదంటే మనం అన్ని సిలబుల్స్‌నీ దాదాపు సమానంగా పలుకుతాం. హోటల్ అనే మాటలో ఊనిక రెండో ముక్క మీద ఉండాలి, మనం మొదటిదాని మీద వేస్తాం. డెవలప్ కూడా అంతే. దానికి తోడు మనది అచ్చుతో ముగిసే భాష, ఏ మాట తెచ్చినా చివర ఒక ఉకారం తగిలిస్తాం, బస్సు, కారు, రోడ్డు. ఇది సిలబుల్స్ లెక్కని ఎంత పాడు చేస్తుందో ఒక ప్రయోగం చేశాం. మూడో లైను 'రఫ్ విండ్స్ డూ షేక్ ద డార్లింగ్ బడ్స్ ఆఫ్ మే', సరిగ్గా పది సిలబుల్స్. మా కోడల్ని మామూలుగా చదవమని వేళ్ల మీద లెక్కపెట్టాను. రఫ్ఫు, విండ్సు, డూ, షేకు, ద, డార్లింగు, బడ్సు, ఆఫు, మే. పదహారు వచ్చాయి. పది సీట్ల ఆటోలో పదహారు మంది ఎక్కినట్టు. ఆ పిల్లకి నవ్వాగలేదు, మళ్లీ మళ్లీ చదివి పదికి తెచ్చింది, తెచ్చాక అప్పుడు మొదటిసారి "ఆ, ఊగుతుంది మామా" అంది.

ఊనిక పట్టుకోవడానికి నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటే. డిక్షనరీలో మాట ఎలా పలకాలో రాసిన చోట ఒక సిలబుల్ ముందు చిన్న నిలువు గీత ఉంటుంది, దాని తర్వాత వచ్చే సిలబుల్ మీద ఊనిక అని. అర్థం చూసినప్పుడే అది కూడా చూసి నోట్సులో ఆ ముక్క కింద గీత పెట్టుకోవాలి. ద, ఎ, ఆఫ్, టు లాంటి చిన్న మాటలకి మామూలుగా బరువుండదు. తర్వాత నోరు మూసుకుని లైనుని ఊఁ ఊఁ అని రాగం తీస్తే ఎక్కడ గొంతు పెరుగుతుందో తెలుస్తుంది. మెట్రోలో చేయకండి, పక్కనవాళ్లు జరిగి కూర్చుంటారు.

బ్లాంక్ వర్స్, ఫ్రీ వర్స్ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. ఫ్రీ వర్స్ మన వచన కవిత, ఛందస్సు లేదు. బ్లాంక్ వర్స్‌లో లేనిది రైమ్ మాత్రమే, ఐయాంబిక్ పెంటామీటర్ గట్టిగా ఉంటుంది, 1667లో వచ్చిన మిల్టన్ 'ప్యారడైజ్ లాస్ట్' అంతా అదే. దాన్ని వచన కవిత అని రాస్తే మిల్టన్ ఊరుకోడు.

ఈ గొడవంతా మనకే అనుకోకండి. సీపీ బ్రౌన్‌కి ఇదే బాధ ఎదురు దిక్కు నుంచి వచ్చింది, ఆ దొర 1827లో మద్రాసులో తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద ఇంగ్లీషులో పుస్తకమే అచ్చేయించాడు, ఇంగ్లీషు చెవులకి మన గణాలు ఎక్కించడానికి. అలాంటిదే తెలుగు చెవుల కోసం ఎవరైనా రాయొచ్చు కదా. మొత్తం దేశానికి ఇంగ్లీషు ఎలా నేర్పాలో చూడటానికి 1958లో పెట్టిన సంస్థ మన తార్నాక దగ్గరే ఉంది, ఇప్పుడు ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) అంటున్నాం. అంత దగ్గర్లో ఉండి కూడా మన పిల్లలు ఆ రెండు కాలమ్‌ల టేబుల్ మీద బతకడం నాకు మింగుడు పడదు.

మా కోడలికి నేనిచ్చిన సలహా, సానెట్ పక్కన పెట్టి ముందు మన ఊరి కవిత చదువు అని. సరోజినీ నాయుడు 1879లో హైదరాబాద్‌లో పుట్టింది, నాంపల్లి దగ్గర 'గోల్డెన్ థ్రెషోల్డ్' ఇల్లు ఇప్పటికీ ఉంది, 1905లో వచ్చిన ఆమె మొదటి పెద్ద పుస్తకం పేరూ అదే. 1912 పుస్తకంలో 'ఇన్ ద బజార్స్ ఆఫ్ హైదరాబాద్' అనే కవిత ఉంది. 'వాట్ డు యు సెల్, ఓ యీ మర్చంట్స్' అని మొదలు. యీ అంటే బహువచనం, మీరు, వ్యాపారులారా మీరేం అమ్ముతున్నారు అని, దౌ దీ పాఠానికి ఇంకో సగం ఇక్కడే దొరికింది. నడక చూస్తే వాట్ మీద బరువు, డు యు తేలిక, సెల్ మీద బరువు, ఓ యీ తేలిక, అంటే రెండు భగణాలు, డాక్టిల్స్, చివర మర్చంట్స్ హగణం. బజార్లో అరుపుల్లాగా దూకుతూ పోతుంది, సానెట్ నడకకి పూర్తిగా వేరు. మాటలు కూడా కళ్లకి కనపడేవి, వేర్స్ అంటే అమ్మకానికి పెట్టిన సరుకు, బ్రొకేడ్ అంటే జరీ బట్ట, స్కాబర్డ్ అంటే కత్తి ఒర. క్రిమ్సన్ ఏ ఎరుపో డిక్షనరీ కంటే లాడ్‌బజార్ బాగా చెబుతుంది.

తర్వాతి ఆదివారం కోఠీలో పాత పుస్తకాలు చూసి, అటు నుంచి అటే చార్మినార్ వెళ్లాం. కంసాలులు ఏం చేస్తున్నారని అడిగే చోట 'బెల్స్ ఫర్ ద ఫీట్ ఆఫ్ బ్లూ పిజన్స్, ఫ్రెయిల్ యాజ్ ఎ డ్రాగన్‌ఫ్లైస్ వింగ్' అని ఉంటుంది, పావురాల కాళ్లకి గజ్జెలు, తూనీగ రెక్కంత నాజూకైనవి. మక్కా మసీదు ముందు నిలబడి ఆ పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టింది, గజ్జెలు ఉపమేయం, తూనీగ రెక్క ఉపమానం, యాజ్ ఉపమావాచకం, ఫ్రెయిల్ సమానధర్మం, నాలుగూ ఉన్నయి, పూర్ణోపమ మామా అని. నేను మెచ్చుకునేలోపే ఎదురుగా గింజలు తింటున్న గుంపు వైపు చూసి "గని బ్లూ ఏడుంది, అన్నీ బూడిద రంగే గద" అంది. పావురాలు పెంచేవాళ్ల ఇంగ్లీషులో ఆ బూడిద రంగునే బ్లూ అంటారే అని చెప్పాను. "అంటే ఇది గూడ సమ్మర్ లెక్కనే" అని గొణుక్కుని, నోట్సు తీసి బ్లూ పక్కన బూడిద అని రాసి, దగ్గరికొచ్చిన పావురాన్ని ఒకసారి వంగి చూసి, బూడిద కొట్టేసి, 'పావురం మెడ' అని రాసుకుంది.